గుల్లదిబ్బల మనుషులు: డెన్మార్క్ తీరపు మధ్యశిలాయుగం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రాతియుగం గురించి నేను ఎక్కడ మాట్లాడినా, మాటలు చివరికి ఒక చెత్తకుప్ప దగ్గరికే చేరతాయి. డెన్మార్క్ తీరంలో వేటగాళ్ళు, జాలరులు వందల ఏళ్ళపాటు తిని పారేసిన గుల్లల కుప్ప అది. దాని చుట్టూ విన్న ప్రశ్నలను, నా జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్ని జవాబులు రెండు మాటల్లో అయిపోతాయి, కొన్ని మరీ పొడవు. నాకు ఇష్టమైన చోట ఎక్కువసేపు ఆగాను, అంతే.

మధ్యశిలాయుగం అంటే సరిగ్గా ఎప్పుడు?

ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఉత్తర ఐరోపాలో మంచుయుగం ముగిసిన క్రీ.పూ. 9600 ప్రాంతంలో మొదలై, వ్యవసాయం వచ్చేదాకా సాగింది. ఆ వ్యవసాయం అన్ని చోట్లకూ ఒకేసారి రాలేదు. గ్రీసులో క్రీ.పూ. 6500 నాటికే గోధుమ పండిస్తున్నారు; డెన్మార్క్‌లో మొదటి పంట వేయడానికి మరో రెండున్నర వేల ఏళ్ళు పట్టింది. అందుకే ఒకరి కొత్త రాతియుగం మరొకరి మధ్యశిలాయుగంతో పక్కపక్కనే నడిచింది.

ఈ పేరు 1866లో హోడర్ వెస్ట్రాప్ అనే ఆయన పెట్టింది. నాకు ఈ పేరు నచ్చదు. రెండు ముఖ్యమైన అంకాల మధ్య టీ తాగడానికి ఇచ్చిన విరామంలా వినిపిస్తుంది. ఐదున్నర వేల ఏళ్ళ విరామం ఎక్కడైనా ఉంటుందా?

డెన్మార్క్‌లో ఈ కాలాన్ని మూడు సంస్కృతులుగా విభజిస్తారు: మాగ్లెమోసె, కోంగెమోసె, ఎర్టెబోలె. ఇక్కడ ఎక్కువగా చెప్పేది చివరిదాని గురించి. క్రీ.పూ. 5400 నుంచి 3950 దాకా నిలిచిన సంస్కృతి అది. సముద్రాన్నే ఇల్లుగా, పొలంగా చేసుకున్న మనుషుల జాడలు ఇంత దండిగా దొరికిన చోట్లు ఉత్తర ఐరోపాలో తక్కువ.

ఆ చెత్తకుప్ప కథ ఏమిటి?

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో డెన్మార్క్ తీరం వెంట అక్కడక్కడ పెద్ద పెద్ద గుల్లదిబ్బలు కనిపించేవి. సముద్రం ఒకప్పుడు పైదాకా వచ్చి, వెనక్కి పోతూ వదిలిన గుల్లలని అందరూ అనుకున్నారు. రైతులకు ఆ చర్చతో పని లేదు. తవ్వుకుపోయి దారుల మీద పోసుకునేవారు. పులికాట్ గుల్లను తవ్వి బట్టీల్లో కాల్చి సున్నం చేసిన మనకు ఈ వ్యవహారం కొత్త కాదు.

1848లో ఈ దిబ్బల సంగతి తేల్చడానికి ముగ్గురితో ఒక సంఘం ఏర్పడింది. జంతుశాస్త్రవేత్త యాపెటస్ స్టీన్‌స్ట్రుప్, భూవిజ్ఞాని యోహాన్ గియోర్గ్ ఫోర్‌ఖామర్, పురావస్తు శాస్త్రవేత్త వోర్సో. ఒక ప్రశ్న కోసం మూడు శాస్త్రాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఆ రోజుల్లో అరుదు. 1850లో మైల్‌గోర్ అనే ఎస్టేటులో దారి కోసం గుల్లలు తవ్వుతుంటే రాతి పనిముట్లు బయటపడ్డాయి. అక్కడి గుల్లలు చూసి వోర్సోకు అనుమానం వచ్చింది: అన్నీ బాగా ఎదిగిన ఆల్చిప్పలే, పిల్లవి దాదాపు లేవు. సముద్రం ఏరి ఏరి పెద్దవే ఒడ్డున పడేయదు కదా. వాటి మధ్య బొగ్గు, పగలగొట్టిన ఎముకలు. ఇది మనుషులు తిన్న చోటు అన్నాడు.

స్టీన్‌స్ట్రుప్ చేసిన పని ఇంకా ముచ్చటగా ఉంటుంది. దిబ్బల్లో పక్షి ఎముకలు చాలా దొరికాయి గానీ, వాటిలో పొడుగు ఎముకల నడిమి ముక్కలే ఎక్కువ. కొసలు, మెత్తని ఎముకలు కనిపించవు. ఇది కుక్కల పని అయి ఉంటుందా అని ఆయన కుక్కలకు పక్షి ఎముకలు వేసి, అవి ఏం తింటాయో, ఏం వదిలేస్తాయో చూశాడు. కుక్కలు వదిలేసినవీ, దిబ్బల్లో మిగిలినవీ ఒకటే. ఆ వేటగాళ్ళ ఇళ్ళలో కుక్కలు ఉండేవని అలా తేలింది. అప్పటికింకా ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రం అన్న మాటే పుట్టలేదు.

వంటింటి చెత్తదిబ్బ అనే అర్థంలో డేనిష్ వాళ్ళు పెట్టిన ‘క్యోకెన్‌మోడింగ్’ అనే మాట తరవాత ప్రపంచమంతా పాకింది. 1893 నుంచి 1897 దాకా ఉత్తర జట్లాండ్‌లో, లిమ్‌ఫ్యోర్డ్ అనే సముద్రపాయ ఒడ్డున ఉన్న ఎర్టెబోలె అనే పల్లెలో ఒక దిబ్బను పద్ధతిగా తవ్వారు. సుమారు 140 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, కొన్నిచోట్ల దాదాపు రెండు మీటర్ల మందం. సంస్కృతికి ఆ పల్లె పేరే స్థిరపడింది.

అంటే వాళ్ళు గుల్లలే తిని బతికారా?

దిబ్బను చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ దిబ్బ సగమే చెబుతుంది.

ఒక ఎర్ర దుప్పిని వేటాడితే వచ్చే ఆహారశక్తికి సమానం కావాలంటే 52,267 ఆల్చిప్పలు తినాలని బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త జెఫ్ బెయిలీ లెక్క కట్టాడు. ఆ చివరి 267 మీద నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, విషయం అర్థమవుతుంది. దుప్పిని తింటే మిగిలేది ఒక బుట్టెడు ఎముకలు. అంతే ఆహారం ఆల్చిప్పల్లో తింటే మిగిలేది గది నిండా గుల్లలు. గుల్లలోని సున్నం మట్టిలో ఆమ్లాన్ని విరిచేస్తుంది కాబట్టి అవి వేల ఏళ్ళు చెక్కుచెదరవు. ఆకుకూర, దుంప, పండు మాత్రం మరుసటి వానకే మాయం. ఒక ఇంటి పెరట్లో టెంకలు మాత్రమే చూసి, ఆ ఇంటివారు ఏడాదంతా మామిడిపళ్ళు తిని బతికారని చెప్పడం లాంటిది ఇది.

అసలు ఆహారం చేప. 1981లో హెన్రిక్ టౌబర్ అప్పటివారి ఎముకల్లోని కార్బన్ ఐసోటోపులను, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలను, కొలిచాడు. సముద్రపు తిండి తిన్నవారి ఎముకల్లో కార్బన్-13 వాటా ఎక్కువగా ఉంటుంది. డెన్మార్క్ తీరపు మధ్యశిలాయుగం వారి కొలతలు గ్రీన్‌లాండ్ ఇన్యూట్ల కొలతల దగ్గరికి వచ్చాయి. వేటాడే సీల్ జంతువులు, చిన్న తిమింగలాలు, వాటితోపాటు రోజువారీ చేప. కొన్నిచోట్ల పాము చేపల ఎముకలే మిగిలిన అన్నిటికన్నా ఎక్కువ. అడవి నుంచి ఎర్ర దుప్పి, చిన్న జింక, అడవి పంది వచ్చేవి. హేజెల్ అనే పొద చెట్టు కాయలకు అయితే లెక్కే లేదు. స్కాట్లాండ్‌లోని కోలన్సే దీవిలో ఒక్క గుంటలోనే లక్షల కొద్దీ కాల్చిన హేజెల్ పెంకులు బయటపడ్డాయి.

మరి ఆల్చిప్పల పాత్ర ఏమిటి? గుల్లల్లోని ఎదుగుదల గీతలను కోసి చూస్తే, నోర్స్‌మిండె దిబ్బలో వాటిని ఎక్కువగా వసంతకాలంలో ఏరినట్టు తెలిసింది. చలికాలం చివర జింకలు బక్కచిక్కి, కాయలు నిండుకుని, పాము చేపల వలస ఇంకా మొదలుకాని రోజులవి. మన పల్లెల్లో పాత గింజ అయిపోయి కొత్త పంట ఇంకా ఇంటికి రాని రోజుల లాంటివి. అప్పుడు నీటి ఒడ్డుకు వెళ్ళి చేతితో ఏరుకోగలిగిన తిండి ఆల్చిప్ప ఒక్కటే.

చేపలు ఎలా పట్టేవారు?

చాలావరకు చేపలే వచ్చి పడేలా ఏర్పాటు చేసుకునేవారు. హేజెల్ కర్రలను నేలలో పాతి, వాటి మధ్య సన్నని రెమ్మలు అల్లి, ఒడ్డు నుంచి నీళ్ళలోకి పొడవాటి దడి కట్టేవారు. దాని కొసన బుట్ట. ఒడ్డు వెంట ఈదుకుంటూ వచ్చిన చేప దడికి తగిలి, దాని వెంటే పోయి బుట్టలో దూరుతుంది. కొల్లేటిలో, పులికాట్‌లో వెదురు మావులు చూసినవారికి ఈ పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు. శరదృతువులో బాల్టిక్ నదుల నుంచి పాము చేపలు గుంపులుగా సముద్రానికి వలసపోతాయి; అప్పుడు కట్టిన దడి రాత్రికి రాత్రే చలికాలం తిండి తెచ్చిపెడుతుంది.

హేజెల్ కర్రలు వాటంతటవే తిన్నగా పెరగవు. చెట్టును నేల దగ్గర నరికితే, మొదలు నుంచి తిన్నని కొమ్మలు గుబురుగా లేస్తాయి. కొన్ని ఏళ్ళు ఆగి వాటిని కోసుకోవాలి. దడి కావాలంటే ముందు అడవిని ఆ పనికి సిద్ధం చేసుకోవాలన్నమాట. ‘ఏరుకుతినేవాళ్ళు’ అన్న మాట నోటికి వచ్చినప్పుడల్లా నాకు ఈ హేజెల్ పొదలు గుర్తొస్తాయి.

ముళ్ళ ఈటెలతో పొడిచేవారు, ఎముక గాలాలతోనూ పట్టేవారు. ఒక గాలానికి కట్టిన దారం ముడి సైతం దొరికింది. ఎక్కడంటారా, కింద చదవండి.

పడవలు ఉండేవా?

ఉండేవి, దొరికాయి కూడా. ఫ్యూన్ ద్వీపం పడమటి తీరాన టిబ్రిన్ విగ్ అనే చోట రెండు మూడు మీటర్ల లోతు నీళ్ళలో ఒక మధ్యశిలాయుగపు ఊరు మునిగి ఉంది. 1978 నుంచి 1987 దాకా సోరెన్ ఆండర్సన్ ఆధ్వర్యంలో ఈతగాళ్ళు దిగి అక్కడ తవ్వారు. గాలి తగలని బురద కప్పెయ్యడంతో, నేల మీద ఎప్పుడో కుళ్ళిపోయే వస్తువులు అక్కడ నిలిచాయి. గాలం దారం అక్కడిదే. మొక్కల నారతో ముడులు వేసి అల్లిన బట్ట పీలికలూ అక్కడే దొరికాయి. ఉత్తర ఐరోపాలో దొరికిన అతి పాత బట్టల్లో అవి ఒకటి.

పడవ సంగతికి వద్దాం. లిండెన్ చెట్టు మొద్దును తొలిచి చేసిన దోనె, దాదాపు తొమ్మిదిన్నర మీటర్ల పొడవు, 65 సెంటీమీటర్ల వెడల్పు. కోనసీమ కాలువల్లో తాటిదోనె ఎక్కినవారికి ఆ కొలతల్లో ఒకరి వెనక ఒకరు ఎలా కూర్చోవాలో ఊహకు అందుతుంది. వెనక భాగంలో మట్టి, ఇసుక పరిచి చిన్న పొయ్యి ఏర్పాటు చేశారు. చెక్క పడవలో నిప్పు! వెచ్చదనానికి కావచ్చు, రాత్రిపూట వెలుగుకు పాము చేపలను రప్పించడానికి కావచ్చు. డేనిష్ జాలరులు పడవ ముందు మంట పెట్టి పాము చేపలను పొడిచే పద్ధతి ఇటీవలి కాలం వరకూ ఉండేది, కాబట్టి నాకు రెండోదే నచ్చుతుంది.

తెడ్లు మరీ అందమైనవి. యాష్ కర్రతో చేసినవి. రేకు పొట్టిగా, గుండె ఆకారంలో ఉంటుంది. కొన్ని తెడ్ల రేకుల మీద చుక్కలు, వంపులు చెక్కి, ఆ గాడుల్లో గోధుమరంగు పూశారు. తెడ్డు రేకు పని చేసేదంతా నీళ్ళలోనే, కళ్ళకు కనిపించేది ఎత్తినప్పుడే. అయినా అక్కడే ముగ్గు వేశారు.

ఊళ్ళు నీళ్ళ అడుగుకు ఎలా పోయాయి?

మంచుయుగంలో స్కాండినేవియా మీద రెండు మూడు కిలోమీటర్ల మందాన మంచు పేరుకుపోయి ఉండేది. ఆ బరువుకు నేల కిందికి అణిగింది. మంచు కరిగాక, పరుపు మీద కూర్చున్నవాడు లేచినట్టు, నేల మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది. ఇంకా లేస్తూనే ఉంది. బోత్నియా సింధుశాఖ ఒడ్డున కొన్నిచోట్ల ఏడాదికి దాదాపు 9 మిల్లీమీటర్ల చొప్పున. మరోవైపు కరిగిన మంచుతో సముద్ర మట్టమూ పెరిగింది.

డెన్మార్క్ ఈ రెండిటి నడుమ తూగుబల్లలా పడింది. ఉత్తరం లేచింది, దక్షిణం అణిగింది. అందుకే ఉత్తర జట్లాండ్‌లో ఎర్టెబోలె దిబ్బలు పచ్చికలో పొడిగా ఉన్నాయి. దక్షిణాన ఊళ్ళు ఈత కొట్టేవారి కాళ్ళ కింద ఉన్నాయి. అంతకు ముందటి మాగ్లెమోసె వారి తీరమైతే దాదాపు అంతా సముద్రం పాలైంది. వాళ్ళ సామాను ఎక్కువగా చెరువులు, బాడవ నేలల్లో దొరుకుతుంది కాబట్టి ఒకప్పుడు వాళ్ళను అడవి మనుషులుగానే లెక్కవేశారు.

డాగర్‌లాండ్ సునామీలో మునిగిపోయిందంటారు, నిజమేనా?

సునామీ నిజం, ఒక్క రోజులో మునగడం మాత్రం కాదు. బ్రిటన్‌కూ డెన్మార్క్‌కూ మధ్య ఇప్పుడు ఉత్తర సముద్రం ఉన్న చోట ఒకప్పుడు నదులు, చిత్తడి నేలలు, కొండలు ఉండేవి. 1931లో కొలిండా అనే చేపల పడవ వలలో ఒక పీటు మట్టి గడ్డ, అంటే చిత్తడి నేలలో మొక్కలు కుళ్ళి పేరుకున్న మట్టి, పడింది. దాన్ని పగలగొడితే లోపల ముళ్ళు చెక్కిన దుప్పి కొమ్ము ఈటెమొన. నడి సముద్రంలో అడవి మట్టి ఎక్కడిదన్న ప్రశ్నకు అది మొదలు. డాగర్‌లాండ్ అనే పేరు మాత్రం చాలా తరవాత, 1998లో, బ్రయొనీ కోల్స్ పెట్టింది.

సుమారు 8,150 ఏళ్ళ క్రితం నార్వే తీరానికి అవతల స్టోరెగ్గా అనే చోట సముద్రం అడుగున పెద్ద చరియ విరిగిపడింది. దానివల్ల లేచిన అలలు స్కాట్లాండ్, షెట్లాండ్, నార్వే తీరాల్లో ఇసుక పొరలు వదిలి వెళ్ళాయి. అప్పటికే డాగర్‌లాండ్ చాలావరకు మునిగి, దీవులుగా మిగిలింది. 2004 డిసెంబరు 26న మన తీరాన్ని చూసినవారికి లోతట్టు దీవుల మీద అలాంటి అల ఏం చేస్తుందో చెప్పనవసరం లేదు. అయినా ఆ నేలను మింగింది తరతరాలుగా అంగుళం అంగుళంగా పెరిగిన నీరు.

చూడటానికి ఎలా ఉండేవారు?

దీనికి జవాబు నమిలి ఉమ్మేసిన జిగురులో దొరికింది. భూర్జ చెట్టు బెరడును కాల్చితే నల్లని జిగురు వస్తుంది. రాతి మొనను కర్రకు అతికించడానికి అదే వాడేవారు. చల్లారితే గట్టిపడుతుంది, నమిలితే మెత్తబడుతుంది. లోలాండ్ ద్వీపంలో సిల్ట్‌హోమ్ అనే చోట, జర్మనీకి సముద్రం కింద సొరంగం కట్టే ముందు జరిగిన తవ్వకాల్లో అలాంటి ముద్ద ఒకటి దొరికింది. 5,700 ఏళ్ళ నాటిది. ఎముక లేకుండానే, అందులోంచి ఒక మనిషి పూర్తి జన్యు సమాచారం తీశామని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రకటించారు.

నమిలింది ఆడ మనిషి. ముదురు రంగు చర్మం, ముదురు గోధుమరంగు జుట్టు, నీలి కళ్ళు ఉండి ఉంటాయని జన్యువులు చెబుతున్నాయి. పాలు అరిగించుకునే జన్యువు లేదు. ఆ జిగురులోనే బాతు, హేజెల్ కాయ జన్యువుల ఆనవాళ్ళూ దొరికాయి, బహుశా కాసేపటి క్రితం తిన్నవి. ఆమెకు లోలా అని పేరు పెట్టారు. ఉత్తరాది అంటే తెల్లతోలు అనుకునే మన లెక్కకు ఈ పిల్ల అడ్డం తిరుగుతుంది. తెల్లని చర్మం అక్కడ బాగా వ్యాపించింది తరవాత వచ్చిన రైతులు, పశుపాలకుల వల్ల.

ఎప్పుడూ తిరుగుతూ ఉండేవారా, ఒకచోట ఉండేవారా?

రెండూ. చేపకు, గుల్లకు, వేటకు మూడింటికీ దగ్గరగా ఉన్న నీటిపాయల ఒడ్డున పెద్ద విడిది. అక్కడి నుంచి కాలాన్ని బట్టి చిన్న గుంపులు బయలుదేరేవి. ఆగర్‌సుండ్ అనే చోట హంసల ఎముకలు ఎక్కువ; ఉత్తరాన గడ్డకట్టే చలికి తప్పించుకు వచ్చే హంసలవి, అంటే అది చలికాలపు వేట విడిది. రింగ్‌క్లోస్టర్ లోతట్టు సరస్సు ఒడ్డున అడవి పందులు, తోలు కోసం మార్టెన్ అనే చిన్న జంతువులు. అయినా అక్కడ డాల్ఫిన్ ఎముకలు దొరికాయి. సముద్రం దగ్గరి చుట్టాలు పట్టుకెళ్ళిన కూర కావచ్చు.

ఇళ్ళ సంగతి ఇంత స్పష్టంగా లేదు. ఇంగ్లండ్‌లో నార్తంబర్లాండ్ తీరాన హోవిక్ దగ్గర క్రీ.పూ. 7600 నాటి గుండ్రని ఇల్లు ఒకటి బయటపడింది. దాన్ని అదే చోట మళ్ళీ మళ్ళీ కట్టుకున్నారు.

చనిపోయినవారిని ఏం చేసేవారు?

కోపెన్‌హాగన్‌కు ఉత్తరాన వెద్‌బెక్‌లో 1975లో నిర్మాణం కోసం నేల చదును చేస్తుంటే ఒక శ్మశానం బయటపడింది. సుమారు ఏడు వేల ఏళ్ళ నాటిది. 17 గోతులు, 22 మంది. చాలామంది మీద జేగురు చల్లారు, కొందరి కింద దుప్పి కొమ్ములు పరిచారు.

ఎనిమిదో గోతిలో ఇరవై ఏళ్ళు కూడా నిండి ఉండని ఒక అమ్మాయి. తల కింద దుప్పి పళ్ళ పూసలు కుట్టిన ఏదో వస్త్రం మడిచి పెట్టారు. ఆమె పక్కన అప్పుడే పుట్టిన బిడ్డ. ఆ బిడ్డను నేల మీద పడుకోబెట్టలేదు, హంస రెక్క మీద పడుకోబెట్టారు. నడుము దగ్గర చిన్న చెకుముకి రాతి కత్తి. అక్కడి మగవారి నడుముల దగ్గర అలాంటి కత్తులే ఉన్నాయి కాబట్టి మగబిడ్డే అని తవ్వినవారు భావించారు. ప్రసవంలోనే ఇద్దరూ పోయి ఉంటారు. హంస రెక్కకు అర్థం ఏమిటని చాలామంది అడుగుతారు. నీటి మీద ఉండేది, నేల మీద నడిచేది, గాలిలో ఎగిరేది కాబట్టి మూడు లోకాల పక్షి అని చెప్పేవారున్నారు. మెత్తగా ఉంటుందని కూడా అయి ఉండవచ్చు అని నేనంటాను.

మరో గోతిలో ముగ్గురు. ఒకరి మెడ ఎముకల మధ్య ఎముక బాణంమొన ఇరుక్కుని ఉంది. ఆ కాలం అంతా శాంతమే అనుకునేవారికి ఈ ఒక్క గొయ్యి చాలు.

దక్షిణ స్వీడన్‌లోని స్కేట్‌హోమ్‌లో 1980లలో లార్స్ లార్సన్ తవ్విన శ్మశానంలో కుక్కలకూ గోతులున్నాయి. ఒక కుక్క వెంట దుప్పి కొమ్ము, మూడు చెకుముకి కత్తులు, చెక్కడం చేసిన కొమ్ము సుత్తి పెట్టి, జేగురు చల్లారు. కొందరు మనుషులకు కూడా అంత దక్కలేదు.

వ్యవసాయం లేకుండా కుండలు ఎలా వచ్చాయి?

కుండకు వ్యవసాయమే కావాలన్నది మనం అలవాటుగా అనుకునే మాట. క్రీ.పూ. 4700 ప్రాంతం నుంచి ఎర్టెబోలె వారు మట్టి తాళ్ళు పేర్చి, అడుగు మొనదేలిన మందపాటి కుండలు చేశారు. నిప్పుల మధ్య గుచ్చి నిలబెట్టడానికి ఆ మొన వీలుగా ఉంటుంది. కోలగా, ప్రమిదలాంటి మట్టి దీపాలు కూడా ఉన్నాయి. వాటిలో సీల్, తిమింగలం కొవ్వు వెలిగించారు. చలికాలంలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే దేశం అది. ఆ దీపం విలువ అక్కడ ఒక డిసెంబరు గడిపితే తెలుస్తుంది.

పక్కనే రైతులు ఉన్నా వ్యవసాయం ఎందుకు నేర్చుకోలేదు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న, అడిగే తీరు మాత్రం నచ్చదు. ‘ఎందుకు నేర్చుకోలేదు’ అనడంలోనే వాళ్ళు పరీక్ష తప్పారన్న తీర్పు ఉంది.

క్రీ.పూ. 5300 నాటికే కొన్ని వందల కిలోమీటర్ల దక్షిణాన, ఇప్పటి జర్మనీలో, పొడవాటి ఇళ్ళు కట్టుకుని గోధుమ పండించి పశువులు పెంచే ఊళ్ళు ఉన్నాయి. ఎర్టెబోలె వారికి ఆ సంగతి తెలియక కాదు. ఆ రైతుల నున్నటి రాతి గొడ్డళ్ళు, కన్నం వేసినవి, డెన్మార్క్ దాకా చేతులు మారుతూ వచ్చాయి. గొడ్డలి తెచ్చినవాడు గోధుమ గురించి చెప్పకుండా ఉంటాడా? అయినా పదమూడు వందల ఏళ్ళు ఎవరూ విత్తనం చల్లలేదు. కాకతీయుల కాలం నుంచి నేటివరకు గడిచిన కాలానికి అది ఒకటిన్నర రెట్లు.

వాళ్ళ వైపు నుంచి లెక్క వేసి చూడండి. దడికి చేప వస్తుంది, చలికాలంలో హంస వస్తుంది, వసంతంలో ఆల్చిప్ప ఉంటుంది, శరత్తులో హేజెల్ కాయ, పాము చేప. ఒకటి తప్పినా ఇంకొకటి ఉంటుంది. గోధుమ అయితే నేల దున్ని, విత్తి, పక్షులను తోలి, వాన తప్పితే ఏడాదంతా పస్తు. లిమ్‌ఫ్యోర్డ్ ఒడ్డున ఉన్నవాడికి ఆ బేరం ఎందుకు నచ్చాలి? అవసరం పడలేదు, తీసుకోలేదు. పనికొచ్చే గొడ్డలి మాత్రం ఉంచుకున్నారు.

మరి చివరికి ఎందుకు మారింది?

క్రీ.పూ. 4000 ప్రాంతంలో చాలా మార్పులు ఒక్కసారే కనిపిస్తాయి. దిబ్బల్లో ఆల్చిప్పలు తగ్గి, చిన్న కాకుల్ గుల్లలు పెరుగుతాయి. సముద్రంలో ఉప్పు, పోటుపాట్లు తగ్గాయని ఒక వివరణ. వసంతంలో ఆదుకునే ఆ ఒక్క తిండి పోవడంతో వ్యవసాయానికి తలుపు తెరుచుకుందని పీటర్ రౌలీ-కాన్వీ 1984లో వాదించాడు. చాలాకాలం నేనూ ఆ వాదనే చెప్పేవాడిని. ఒక్క ఆల్చిప్ప మీద అంత భారం వేయడం ఇప్పుడు ఎక్కువే అనిపిస్తుంది.

2024లో పాత జన్యువుల మీద వచ్చిన పెద్ద అధ్యయనం వేరే కథ చెప్పింది. డెన్మార్క్‌లో వేటగాళ్ళ జన్యు వారసత్వం సుమారు 10,500 ఏళ్ళ క్రితం నుంచి 5,900 ఏళ్ళ క్రితం దాకా దాదాపు మారకుండా సాగింది. ఆ తరవాత కొద్ది తరాల్లోనే, బయటి నుంచి వచ్చిన రైతుల జన్యువులు దాన్ని దాదాపు తుడిచిపెట్టాయి. ఎముకల్లోని కార్బన్ కూడా అప్పుడే మారింది: అదే తీరంలో ఉంటూ సముద్రపు తిండి చాలావరకు మానేశారు. పక్కవారి దగ్గర నేర్చుకున్నవారు తిండిని అంత గట్టిగా వదిలేస్తారా? కొత్త మనుషులు వచ్చారనుకుంటేనే ఇది సరిపోతుంది.

అయితే లోలాను మరిచిపోకూడదు. ఆమె బతికింది రైతులు వచ్చిన రెండు మూడు వందల ఏళ్ళ తరవాత. అయినా ఆమె జన్యువుల్లో రైతుల వారసత్వం ఏమీ కనిపించలేదు. మడుగుల మధ్య ఎక్కడో ఒక కుటుంబం బాతులు కొట్టుకుంటూ, భూర్జ జిగురు నములుకుంటూ ఇంకా మిగిలి ఉంది.

మన తీరంలో ఇలాంటివారు ఉన్నారా?

మధ్యశిలాయుగపు మనుషులు ఉన్నారు. భీమునిపట్నం దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లో చిన్న చిన్న రాతి పనిముట్లు దొరికాయి. తమిళనాడులో తిరునల్వేలి వైపు ఎర్ర ఇసుక దిబ్బల్లోనూ అంతే. వీటిని సూక్ష్మశిలా పనిముట్లంటారు, డెన్మార్క్‌లో మాగ్లెమోసె వారివీ ఇదే రకం. కానీ ఇద్దరికీ చుట్టరికం కలపకండి. చిన్న రాతిముక్కను బాణానికి అతికించాలన్న ఆలోచన ఎన్నో చోట్ల విడివిడిగా వచ్చింది. మన ఎర్ర ఇసుకలో ఎముక, కర్ర నిలవవు. మిగిలేది రాయి ఒక్కటే.

చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

కోపెన్‌హాగన్ జాతీయ మ్యూజియంలో ఈ కాలపు గది ఉంది. టిబ్రిన్ విగ్ సామాను కోసం ఆర్హూస్ పక్కన ఉన్న మోస్‌గోర్ మ్యూజియం పేరు ముందు చెబుతాను. ఎర్టెబోలె పల్లెకే వెళితే పెద్ద దృశ్యమేమీ ఉండదు. గడ్డి, గాలి, కింద ఫ్యోర్డ్.

అక్కడ ఆల్చిప్పలు మాత్రం మళ్ళీ ఉన్నాయి. మధ్యలో శతాబ్దాలపాటు లిమ్‌ఫ్యోర్డ్ పడమటి మొగ మూసుకుపోయి, నీటిలో ఉప్పు చచ్చి, అవి కనిపించకుండా పోయాయి. 1825లో ఒక తుఫానుకు ఉత్తర సముద్రం ఇసుక కట్టను తెంచుకుని లోపలికి వచ్చింది. ఆ ఉప్పునీటితో కొన్ని దశాబ్దాలకు ఆల్చిప్పలూ తిరిగొచ్చాయి. ఇప్పుడు వాటిని కోపెన్‌హాగన్ హోటళ్ళలో మంచి ధరకు అమ్ముతారు.